గడువు దాటిన కట్ట

తొమ్మిదిన్నరకల్లా బల్ల తుడిచి కత్తెర, జిగురు సీసా, తేదీ ముద్ర దేని చోట్లో దాన్ని పెట్టుకున్నాడు. ఈ ప్రచురణ సంస్థకు వచ్చే రాతప్రతులను ముప్పై ఏళ్లుగా విప్పుతున్న గుమాస్తా ఆయన. అందరికీ కవర్ల బాబాయ్. అసలు పేరు జీతమిచ్చేవాళ్లకైనా గుర్తుందో లేదో. దారం ముడి గోటితో విప్పుతాడు, కవరును ఒక అంచునే కోస్తాడు, రెండూ మళ్లీ పనికొస్తాయని. బొటనవేలి మీద ఎండిన జిగురు పొరలు కట్టింది. ఆ వేలు శుభ్రంగా తోమితే గానీ ఇంట్లో ఆవిడ కంచం పెట్టదు.

ఇవాళ విప్పడానికేమీ లేదు. కాగితాల గడువు నిన్నటితో తీరింది, ఇకపై రచనలన్నీ కంప్యూటర్లోనే పంపాలి. ఏటా రెండు వందల చెట్లు మిగులుతాయని గోడ మీద ఆకుపచ్చ నోటీసు. ఆయన నమ్మాడు. అచ్చుకు నోచుకోని కట్టలను కాగితం మిల్లు బండికెక్కించింది తనే కదా! ఒక్కో నవలకు మూడు ప్రతులు, ఒకవైపే టైపు, రెండోవైపు తెల్లగా వృథా. చెట్ల మీద ఎవరికి కోపముంటుంది? కోపగించుకోవడానికి ఒక్కరూ దొరకకపోవడమే ఆయన బాధ.

పదకొండింటికి పోస్ట్‌మాన్ ఒకే ఒక్క కట్ట ఇచ్చి వెళ్లాడు. చేతిరాత చూడగానే ప్రాణం లేచొచ్చింది. టీచరమ్మ! రిటైరయ్యాక ఒకే నవలను ఏటా తిరగరాసి పంపే మనిషి. ఏటా తిప్పి పంపింది ఈయనే. పోయినేడు మాత్రం ఎడిటరమ్మ ముగింపు మార్చి పంపితే వేస్తామని రాసింది. ఆ ఉత్తరం అంటించిన రోజు బాబాయ్ ఆఫీసంతటికీ టీ ఇప్పించాడు.

కట్టను ఎడిటరమ్మ ముందు పెట్టాడు.

"ఒక్కరోజే కదమ్మా ఆలస్యం."

"కాగితం ముట్టుకోవద్దని పైవాళ్లు గట్టిగా చెప్పారు బాబాయ్. నా చేతుల్లో ఏముంది? ఎవరిచేతైనా టైపు కొట్టించి పంపమనండి. రాగానే చదువుతాను, ఒట్టు."

కవరు మీది నంబరుకు ఫోన్ చేశాడు. టీచరమ్మ కొడుకు ఎత్తాడు.

"అమ్మ పోయి నాలుగు రోజులైందండీ."

బాబాయ్ కట్టను దగ్గరికి లాక్కున్నాడు. అవతల కొడుకు ఇంకా చెబుతున్నాడు. "ముగింపు ఆసుపత్రిలో కూచుని రాసింది. పోస్టు చేయడం నేనే ఆలస్యం చేశాను."

"టైపు కొట్టించి పంపు బాబూ. చదువుతామంటున్నారు."

"ఎవరు కొడతారండీ? ఇల్లు ఖాళీ చేసే హడావుడిలో ఉన్నాం. తిప్పి పంపకండి, తీసుకునేవాళ్లుండరు. మీరే ఏదో ఒకటి చేసేయండి."

భోజనం మానేసి కట్ట విప్పి, ఖాళీగా ఉన్న కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఒంటి వేలితో అక్షరాలు వెతుక్కుంటూ మొదటి వాక్యం కొట్టేసరికి అరగంట పట్టింది. సాయంత్రానికి పేజీలో సగం. కింద ఇంకా ఆరు వందల పేజీలున్నాయి. ఈ జన్మకు తనవల్ల కాదని తెలిసి ఏడుపొచ్చింది. అయినా వదలబుద్ధి కాలేదు. ఇంటికి తీసుకెళ్దామని సంచిలో సర్దుతుంటే పేజీల మధ్య నుంచి ఒక కార్డు జారింది.

ఒకవైపు టీచరమ్మ చిరునామా. రెండోవైపు ఎడిటరమ్మ కోసం ఆవిడే రాసిపెట్టిన జవాబు. కలం తీశాడు. ఏం కొట్టేసినా చూసుకునే మనిషి లేదని కలం మూసేశాడు. కార్డును బల్ల మీదే ఉంచి లైటు ఆర్పాడు.

దాని మీద స్టాంపు అంటించి ఉంది, సంతకానికి చోటు వదిలి ఉంది, పైన గుండ్రటి అక్షరాల్లో ఇలా ఉంది: "ముగింపు బాగుంది / బాగాలేదు. సరికానిది కొట్టివేయండి."