నీళ్ళు దిగని కుర్చీ

నేను బస్సుల సీట్లు కుట్టిన మనిషిని. చేతులు వణకడం మొదలయ్యాక షెడ్డు మానేశానుగానీ దబ్బనం, సుత్తి, మిగిలిన రెక్సిన్ ముక్కలు ఇంకా నా మంచం కిందే ఉన్నాయి. ఇంట్లో ఎవరు కుర్చీ మాట ఎత్తినా నా చెవి అటే పోతుంది.

మా మనవరాలు టికెట్లు బుక్ చేసే ఆఫీసులో కౌంటర్ దగ్గర కూర్చుంటుంది. పొద్దున కూర్చుంటే భోజనానికి తప్ప సాయంత్రం దాకా లేవడానికి వీల్లేదు. ఎంతో ఇష్టపడి చేరిన ఉద్యోగం. అలాంటిది ఒకరోజు భోజనం దగ్గర మానేస్తానంది. వాళ్ళమ్మ, అంటే నా కోడలు, గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎందుకే అంటే ఒకటే మాట, కుర్చీ బాగాలేదని.

కుర్చీ కోసం ఎవరైనా ఉద్యోగం మానేస్తారా? నాకు ఒళ్ళు మండింది. తీసుకురా, బాగుచేస్తానన్నాను. తేనంది. వాళ్ళ యజమానికి నేనే చెప్పి, సెలవు నాడు ఆటోలో వేయించుకొచ్చాను.

చూస్తే దానికి ఏ రోగమూ లేదు. రెక్సిన్ కాస్త పాతబడింది, అంతే. అయినా ఊడదీసి, మందంగా స్పాంజి వేసి, పైన బస్సు రెక్సిన్ బిగించి కొట్టాను. పొద్దంతా పట్టింది. నడుం విరిగింది. అయ్యాక పిల్లని పిలిచి, చెంబుడు నీళ్ళు సీటు మీద పోసి చూపించాను.

“చూశావా తల్లీ, ఒక్క చుక్క లోపలికి దిగదు. అన్నీ పైనే ఉంటాయి.”

పిల్ల ఆ నీళ్ళ వంక చూసి, గోడవైపు తిరిగి ఏడుపు మొదలుపెట్టింది. మెచ్చుకుంటుందనుకున్నవాణ్ణి, సుత్తి పట్టుకుని బిక్కమొహం వేశాను.

మీరు లోపలికి వెళ్ళండి మామయ్యా అని కోడలు సైగలు. నా కూతురు, అంటే పిల్లకి మేనత్త, ఇంకోవైపు నుంచి సైగలు. ఈ ఇంట్లో సైగలకి కొదవలేదు, నోరే ఎవరికీ లేదు. విసుగొచ్చి గట్టిగానే అడిగాను, ఏమైందో చెబుతారా లేదా అని.

చివరికి పిల్లే చెప్పింది, గోడనే చూస్తూ.

“నాకు తొడల మధ్య చెమట పోస్తుంది తాతా. మామూలుగా కాదు. లేస్తే బట్టలు తడి, కుర్చీ తడి. పక్క కౌంటర్ ఆయన చూశాడు. నీళ్ళ సీసా ఒలికిందా అని అందరి ముందూ అడిగాడు. ఇప్పుడు రోజూ అడుగుతున్నాడు.”

మిగతాది ఒక్కొక్కటే బయటికొచ్చింది. ఒంట్లో వేడని కోడలు పౌడరు చల్లించిందట. అది తడికి ముద్దకట్టి చర్మం ఒరుసుకుపోయింది. మేనత్త వాసన సబ్బు తెచ్చింది. కడిగిన చోటల్లా మంట. పిల్ల మంచినీళ్ళు తాగడమే మానేసింది. అందరూ కలిసి దాన్ని నంజుకు తిన్నారుగానీ డాక్టరు మాట ఒక్కరికీ తట్టలేదు. నేనేమో గాలాడని సీటు మీద ఇంకా గాలాడని రెక్సిన్ వేసి కూర్చున్నాను.

“మరి కుర్చీ బాగాలేదని ఎందుకన్నావే?”

“నీకెలా చెప్పేది తాతా?”

“సీట్లు కుట్టేవాడికి చెప్పకపోతే ఎవరికి చెబుతావు? జనం చెమటతో తడిసిన సీట్లే కదే బతుకంతా ఊడదీసింది.”

ఏడుస్తూనే నవ్వింది.

మర్నాడు లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి బయట కూర్చున్నాను. పిల్ల బయటికొచ్చి నాకు తనే చెప్పింది, సైగలు లేకుండా. కొందరి ఒళ్ళే అంతట, మురికి వల్ల కాదట. పౌడరు, వాసన సబ్బు ఆపమందట డాక్టరు. వదులు నూలు బట్టలు, మధ్యాహ్నం లోబట్టలు మార్చుకోవడం, ఒరుసుకున్న చోట పూతమందు. ఆ ఒరుపు మానాక చెమట తగ్గించడానికి పైన రాసుకునే మందు ఇస్తుందట. అప్పటికీ తగ్గకపోతే వేరే వైద్యం ఉందట. నీళ్ళు మాత్రం బాగా తాగమందట.

నేను కొట్టిన మేకులు నేనే తిట్టుకుంటూ పీకాను. రెక్సిన్ తీసేసి, గాలాడేలా నూలు నవారు అల్లాను. పైన ఉతుక్కునే గుడ్డ పరుపు.

ఆఫీసుకి తిరిగి పంపిన ఆ కుర్చీ చూసి పక్క కౌంటర్ ఆయన మళ్ళీ సీసా మాట ఎత్తాడట.

“సీసా కాదండీ, చెమట. నాకు ఎక్కువ. మందు వాడుతున్నాను” అని చెప్పి, మా పిల్ల తన పని తను చేసుకుందట. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు. చెమట కొంచెం తగ్గింది, పూర్తిగా పోలేదు. ఉద్యోగం మానే మాట మాత్రం పోయింది.

నాకే స్థిమితం లేదు. నిన్న అదే ఆఫీసు నుంచి ఇంకో అమ్మాయి ఆటోలో కుర్చీ వేసుకొచ్చి గుమ్మంలో దించింది. కుర్చీ బాగాలేదు తాతగారూ అంటూ నేల చూపులు చూస్తోంది.

“ఏం బాగాలేదో నోరు తెరిచి చెప్పు తల్లీ. అప్పటిదాకా సుత్తి ముట్టుకోను.”