బ్రేకులు పడని ఆదివారం

నాన్న పోతూ పోతూ తన పొట్టి ఎర్ర స్పోర్ట్స్ కారును నాకూ తమ్ముడికీ కలిపి రాసి పోయాడు. రెండే సీట్లు, ఒళ్ళు ముడుచుకుని దూరాల్సిన తలుపులు, వయసులో నాకన్నా పెద్దది. దాన్ని మేం చిన్నపిల్లల్లా చెరిసగం పంచుకున్నాం. ఎడమ చక్రాలు నావి, కుడి చక్రాలు వాడివి. ఒకరి వైపు పనిలో ఇంకొకరు వేలు పెట్టకూడదు. నేను బట్టలు కుట్టి బతికేదాన్ని, వాడు పళ్ళ డాక్టరు. చేతిపనిలో మమ్మల్ని మించినవాళ్ళు లేరని ఇద్దరికీ గట్టి నమ్మకం.

కారు అమ్మేద్దామని వాడు. నా ప్రాణం పోయినా అమ్మనని నేను. నెల రోజులు పోట్లాడుకుని చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఈ ఆదివారం సాయంత్రంలోగా బ్రేకులు పడితే కారు నా దగ్గరే ఉంటుంది. పడకపోతే, ఐదింటికి చూడటానికి వచ్చే పెద్దమనిషి కొనుక్కుపోతాడు.

శనివారమే ముందు చక్రాల కాలిపర్లు రెండూ విప్పాం. చక్రం వెనక తిరిగే డిస్కును రెండు వైపులా నొక్కి పట్టే ఇనుప దిమ్మెలవి. ఎవరిది వాళ్ళం కడిగి, కొత్త రబ్బర్లు వేసి, ఎర్ర రంగు పూసి, పాత పేపరు మీద పక్కపక్కనే ఆరబెట్టాం. పొద్దున చూస్తే ఒకటి అద్దంలా మెరిసిపోతోంది. రెండోదాని మీద రంగు చారలు కట్టి, చూడబుద్ధి కాకుండా ఉంది. మెరిసేది నేను లాక్కున్నాను.

"అక్కా, అది నాదేమో," అన్నాడు తమ్ముడు.

"నీ మొహం! పళ్ళు పీకే చేతికి రంగులెయ్యడం కూడా వచ్చా?"

వాడు ఏదో గొణుక్కుని రెండోది తీసుకున్నాడు. చిన్నప్పటి నుంచీ అంతే, నాతో వాదించి గెలిచింది లేదు.

బిగించడం గంటలో అయిపోయింది. ఆ తర్వాత మొదలైంది అసలు నరకం. బ్రేకు విప్పితే పైపుల్లోకి గాలి దూరుతుంది. అది పోయేదాకా పెడల్ మెత్తగానే ఉంటుంది. దాన్ని తీయడం ఇద్దరి పని. వాడు సీట్లో కూర్చుని పెడల్ తొక్కి పట్టాలి, నేను కింద పడుకుని కాలిపర్‌కున్న చిన్న నట్టు వదులు చేయాలి. బుడగలతో బ్రేక్ ఆయిల్ సీసాలోకి కారుతుంది. నేను నట్టు బిగించాకే వాడు కాలు తీయాలి. వాడి చక్రం వంతు వచ్చినప్పుడు వాడు కిందికి, నేను సీట్లోకి.

"తొక్కు."

"తొక్కా."

"వదులు."

"వదిలా."

పొద్దుటి నుంచీ ఆ వాకిట్లో ఇంకో మాట లేదు. బుడగలు ఆగిపోయాయి, ఆయిల్ తేటగా వస్తోంది. పెడల్ మాత్రం పాత దిండులా నేలదాకా దిగిపోతోంది. మళ్ళీ చేశాం. మళ్ళీ అంతే. స్పానర్ జారి మోచేయి దోక్కుపోయింది, జుట్టంతా ఆయిల్ జిడ్డు. ఈ కారును కనిపెట్టినవాడి ఏడు తరాలనూ తిట్టాను. కొత్త సీసా తెరిచాం, అదీ అయిపోయింది. గడియారం నాలుగు దాటింది. నా నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది.

"ఒరేయ్, నువ్వు కావాలనే సగం సగం తొక్కుతున్నావు కదూ?"

"ఏమన్నావు?"

"బ్రేకులు పడకపోతే నీ పంతం నెగ్గుతుందిగా! ఆ పెద్దమనిషికి తాళాలిచ్చి చేతులు దులిపేసుకుంటావు."

వాడు వంగి పిక్క నొక్కుకున్నాడు. "పొద్దుటి నుంచీ తొక్కి తొక్కి కాలు పట్టేసిందక్కా," అన్నాడంతే.

నేను కోపంతో కాలిపర్‌నే గుడ్లురిమి చూస్తూ గుడ్డతో తుడిచాను. అప్పుడు కనిపించింది. గాలి తీసే నట్టు కింది అంచున ఉంది. గాలి పైకి పోతుందని పసివాళ్ళకైనా తెలుసు. అది పైన హాయిగా కూర్చుంటే, మేం కింద నుంచి ఆయిల్ తోడుతున్నాం! లేచి, ఒప్పందం పక్కన పెట్టి, వాడి చక్రం దగ్గరికి వెళ్ళి చూశాను. అక్కడా నట్టు కిందే. కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ బిగించాం. చొక్కా చేతులు తారుమారుగా కుట్టినట్టు. ఇన్నేళ్ళ నుంచి మిషను తొక్కుతున్న నేను చేసిన పనిది! ఆ మెరిసేది వాడిదే.

"రెండూ మార్చాలి," అన్నాను. తప్పు నాదేనని మాత్రం ఒప్పుకోలేదు.

విప్పి, అటుది ఇటూ ఇటుది అటూ మార్చాం. ఈసారి సీసాలో బుడగలు గుడగుడమన్నాయి. రెండు వైపులా అయ్యాక పెడల్ తొక్కి చూశాను. రాయిలా ఉంది.

"పడ్డాయిరా! రానీ ఆ పెద్దమనిషిని, గేటు దగ్గర్నుంచే పంపించేస్తా!"

తమ్ముడు చేతులు తుడుచుకుంటున్నాడు. "ఎవరూ రారు. పొద్దున నువ్వలా కారు కింద దూరడం చూసి, ఇక అమ్మేది లేదని ఆయనకు ఫోన్ చేసి చెప్పేశా."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే పని సగంలో వదిలేస్తావని. రేపట్నుంచి ఆ బ్రేకుల్లేని కారులోనే తిరుగుతావు. నాకది ఇష్టం లేదు."

చెప్పులేసుకుని, కాలు ఈడ్చుకుంటూ గేటు దాటి వెళ్ళిపోయాడు. నా మీద నాకే అసహ్యమేసింది. చక్రాలు బిగించి, కారు దించి, రోడ్డెక్కేసరికి వాడు బస్సు ఎక్కేస్తున్నాడు. వెనకే పోనిచ్చాను. బస్సు ఆగిన ప్రతిచోటా నేనూ బ్రేకు తొక్కాను. తొక్కినప్పుడల్లా కారు బుద్ధిగా ఆగింది. కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాను. "తప్పు నాదేరా! దిగరా!" బస్సులో వాడి వెనక సీట్లో ఒకావిడ వాడి భుజం తట్టి నన్ను చూపించింది. వాడు తల తిప్పుకున్నాడు.

వాడి ఇల్లు ఇంకా దూరం ఉండగానే దిగాడు. నడిచొచ్చి, తలుపు తీసి, పక్క సీట్లో కూర్చున్నాడు. వెనక హారన్లు మోగిపోతున్నా నేను కదలలేదు.

"ఎంతైనా తిట్టక్కా, పడతా," అన్నాడు. "నిన్ను మోసం చేశానని మాత్రం ఇంకెప్పుడూ అనకు."

"అనను," అన్నాను. గేరు వేసి వాడి ఇంటి వైపు పోనిచ్చాను.