వెంబడి ఎవరున్నరు

జొన్నరొట్టె రెండోవైపు తిప్పుతుంటే మా అత్త ఐలవ్వ గడపలో కూర్చుని అన్నది: "అడివికి పోయినోళ్లు కట్టెలన్న తెస్తరు. నువ్వు ఉత్త చేతులతోని వచ్చి కాయితాలు రాసుకుంటవు. గదేం చదువో."

నేను నవ్వి రొట్టె పెనం మీంచి దించాను. ఆ రోజు కరీంనగర్‌లో, అడవుల మీద పరిశోధన చేసే విద్యార్థుల సదస్సు. మధ్యాహ్నం నా పత్రం. వంట చేసి, అంట్లు తోమి బయలుదేరేసరికి చేతులకు ఇంకా బూడిద వాసనే.

మా ఆయన లక్ష్మీరాజం తహసీలు కచేరీలో గుమాస్తా. మంచివాడు. ఈ మాట నాకు నేనే చాలాసార్లు చెప్పుకుంటాను. పెళ్లయ్యాక హైదరాబాదులో ఎమ్మెస్సీ చదవనిచ్చాడు, పరిశోధనకూ అడ్డు చెప్పలేదు. 'చదవనిచ్చాడు' అనుకున్న ప్రతిసారీ లోపల ఏదో ముడుచుకుపోతుంది. అయినా అదే మాట వాడతాను, వేరే మాట నాకెవరూ నేర్పలేదు. పోయిన వానాకాలం ఉట్నూరు అడవిలో ఉండాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆయన ఒకటి అడిగాడు. "వాడకట్టోళ్లు అడిగితె పుట్టింటికి పోయిందని చెప్త. నువ్వు గుడ అట్లనే చెప్పు. ఊకె పరేషాన్ ఎందుకు." నేను అట్లాగే చెప్పాను. మా అవ్వకు పాణం బాగాలేదని ఒక అబద్ధం సొంతంగా కలిపాను కూడా. ఏదో తప్పు పనికి పోతున్నదానిలా, పక్కింటి తలుపు తెరవకముందే బస్సెక్కాను.

అక్కడ నేను చేసిన తప్పు పని ఇది. గుత్తేదారు టేకు చెట్లు నరికించిన చోట మోళ్లు మిగులుతాయి. వానలకు వాటి నుంచి కొత్త కొమ్మలు లేస్తాయి. నేలకు దగ్గరగా నరికిన మోడు కొమ్మ నిలబడుతుంది, ఎత్తుగా నరికినదాని కొమ్మ గాలికి ఊడిపోతుంది. పగలంతా మోడు మోడు దగ్గరా కూర్చుని చిగుళ్లు కొలిచాను. రాత్రి అడవి గార్డు మొగిలి ఇంట్లో, ఆయన భార్య శంకరవ్వ పక్కన పడుకున్నాను. "నీకు గీడ బుగులైతలేదా బిడ్డా?" అని ఆమె అడిగితే, "ఇంటికాడి భయంకంటె తక్కువనే" అన్నాను. ఇద్దరం కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాం. అంతగా నేను మా ఇంట్లో ఎన్నడూ నవ్వలేదు.

సదస్సులో ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో సాగాయి. వెదురు మీద చదివిన అబ్బాయిని వెదురు గురించే అడిగారు. నేలల మీద చదివినతన్ని నేలల గురించే. నేను చదవడం ముగించాక, ముందు వరుసలో ఉన్న పెద్ద అధికారి, కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినాయన, కళ్లద్దాలు తీసి తెలుగులోకి దిగాడు.

"బాగానే చదివావమ్మా తారాబాయీ. కానీ ఆ అడవిలో, రాత్రిళ్లు, నీ వెంట ఎవరున్నారు?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు చెవులు కాలిపోయాయి. పైట సరిగ్గానే ఉన్నా సర్దుకున్నాను. సర్దుకున్నందుకు ఇంకా సిగ్గేసింది.

నన్ను తోడుకొచ్చి చివరి వరుసలో కూర్చున్న మా ఆయన లేచి నిలబడ్డాడు. "నేనున్న సార్. ఆమె భర్తను. సెలవు పెట్టి వెంబడే తిరిగిన. కొలతలు గుడ నేనే పట్టిన."

హాలంతా తేలికపడింది. ఎవరో తల ఊపారు. నాకు సిగ్గు ఏమిటంటే, ఆ క్షణాన నా ప్రాణం కూడా కుదుటపడింది. దేవుడిలా వచ్చాడనుకున్నాను. నా వానాకాలమంతా ఆయన చేతిలో పెట్టేసి, ఊపిరి తీసుకున్నాను.

"అయితే అసలు మనిషి అక్కడున్నాడన్నమాట," అధికారి కుర్చీ వెనక్కి తిప్పాడు. "మీరే చెప్పండి. మోడు ఎంత ఎత్తున నరకమంటారు?"

మా ఆయన నా వైపు చూశాడు. నేను వారం రోజులుగా ఇంట్లో చదువుకున్న పత్రమే. ఆయన ఒక్కసారీ వినలేదు.

"జర ఎత్తుగనే నరకాలె సార్. చిగురు మంచిగొస్తది."

"మా కూలీలకూ అదే సుఖం, నడుం వంచే పని లేదు," అంటూ అధికారి రాసుకోసాగాడు.

ఆయన మరిచిపోయిండు సార్, అంటే చాలు. ఆయన పరువూ ఉంటుంది, మోళ్ల సంగతీ సరవుతుంది. ఇంట్లో రోజూ ఆడే అబద్ధాల్లో ఇదొక చిన్నది. ఆ మాట పెదవుల దాకా వచ్చి, దానికదే రోత పుట్టి ఆగిపోయింది.

"మా ఆయన అడివికి రాలే సార్," అన్నాను. "కొలతలు నేనే పట్టిన. ఎత్తుగ నరికితె కొమ్మ నిలువది."

అధికారి కలం ఆగింది. "మరి రాత్రిళ్లు..."

మా ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు. తల దించుకున్నాడు. సాయంత్రం ఇద్దరం ఒకే రిక్షాలో ఇంటికి పోవాలి. శంకరవ్వ పేరు నాలుక మీదికి వచ్చింది. ఆ ఒక్క పేరు చెబితే అందరూ నన్ను మంచిదాన్ని చేస్తారు. మింగేశాను.

"నా కాయితంల రాత్రుల సంగతి లేదు సార్. ఉన్నది అడుగుండ్రి."