తొమ్మిదో టీం

పదకొండేళ్లలో తొమ్మిది టీంలు మారిన అమెరికన్ ఫుట్‌బాల్ క్వార్టర్‌బ్యాక్‌ని ఇంకా ఎవరో ఒకరు ఎందుకు పిలుస్తున్నారని డల్లాస్ పక్కన కాపెల్‌లో స్నేహితులు భాస్కర్‌ని అడుగుతూ ఉండేవారు. జవాబు చెప్పడం ఆయనకి సరదా. తన కొడుకు కౌస్తుభ్ జ్ఞాపకశక్తి అలాంటిదనేవారు. టీం ఎత్తుగడలన్నీ, అంటే ప్లేలన్నీ, ఉండే మూడొందల పేజీల ప్లేబుక్ చేతిలో పెడితే నాలుగు రోజుల్లో అప్పజెప్తాడు, అసలు ఆటగాడు పడిపోతే మర్నాడే మైదానంలోకి దిగి నడిపించగలడు, అలాంటివాణ్ణి ఏ కోచ్ వదులుకుంటాడని ఎదురడిగేవారు.

అందులో అబద్ధం లేదు. బంతి విసిరి టీంని నడిపించడమే క్వార్టర్‌బ్యాక్ పని, కానీ కౌస్తుభ్ చెయ్యి గొప్పది కాదు, కాళ్లు అంతకన్నా కాదు. కాలేజీ అయ్యాక, టీంలు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎవరూ అతని పేరు పిలవలేదు. ఒక టీంలో చేరడం, ఎవరో కుర్రాడు రాగానే పెట్టె సర్దుకోవడం, మూడు వారాలకి ఇంకో ఊరి నుంచి ఫోన్ రావడం, ఇదే అతని ఉద్యోగం. మ్యాచ్ రోజు టోపీ పెట్టుకుని, చేతిలో టాబ్లెట్ పట్టుకుని గీత బయట నిలబడేవాడు. మొదటి నుంచీ తనే ఆడినవి మొత్తం ఏడు మ్యాచ్‌లు. అయితే ఆగస్టులో గెలుపోటములకి విలువలేని మ్యాచ్‌లు కొన్ని ఉంటాయి, పెద్ద ఆటగాళ్లని వాటిలో దింపరు. అవన్నీ కౌస్తుభ్‌వే. ఎలాగైనా టీంలో చోటు కావాలనుకునే కొత్త కుర్రాళ్లు అక్కడ ఒళ్లు దాచుకోకుండా వచ్చి గుద్దుతారు. తలకి ఎన్నిసార్లు తగిలిందో అతనికే తెలీదు.

సీజన్‌కి ముందు ప్రతి ఆటగాడికీ కంప్యూటర్ మీద ఓ పరీక్ష పెడతారు. పన్నెండు మాటలు చూపించి, కాసేపాగి, గుర్తున్నవి టైప్ చెయ్యమంటారు. తరవాత ఎప్పుడైనా తలకి దెబ్బ తగిలితే మళ్లీ అదే పరీక్ష. మొదటిదానికంటే తక్కువ వస్తే ఆట ఆపేస్తారు. రెండో టీంలో ఉన్నప్పుడు ఓ సీనియర్ దానికి కిటుకు చెప్పాడు. మొదటిసారే తక్కువ రాసెయ్, ఇక ఎప్పటికీ నిన్ను ఎవరూ ఆపలేరు అన్నాడు. అప్పటి నుంచీ కౌస్తుభ్ పన్నెండూ గుర్తున్నా ఆరే రాసేవాడు.

తొమ్మిదో టీం ఉత్తరాన ఓ సరస్సు ఒడ్డు ఊళ్లో ఉంది. జులైలో అక్కడా ఆ పరీక్ష గదిలో కూర్చున్నాడు. మాటలు వచ్చాయి, పోయాయి. టైప్ చెయ్యమంది కంప్యూటర్. మామూలుగానే ఆరు రాశాడు. ఇక దాచిపెట్టాల్సిన ఆరింటి కోసం వెతుక్కున్నాడు. ఏమీ లేవు. ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవాళ్ల గదిలా ఉంది ఆ చోటు. తెర దానంతట అదే మారేదాకా అలాగే కూర్చున్నాడు.

టీం డాక్టర్ పాత రికార్డులతో పోల్చి చూసి మెచ్చుకున్నాడు. ఇన్నేళ్లుగా ఒక్క అంకె మారలేదు, నీ అంత నిలకడ ఎవరిలోనూ చూడలేదన్నాడు. కౌస్తుభ్ థాంక్స్ చెప్పి బయటికొచ్చాడు. ఆ విషయం ఎవరికీ చెప్పలేదు.

ఈసారి ప్లేబుక్ నాలుగు రోజుల్లో రాలేదు. పదకొండు రోజులు పట్టింది. కొత్త కోచ్ భాష వేరు కదా అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. భార్య నమ్రత కాపెల్‌లోనే ఒక ఫార్మసీలో పనిచేస్తుంది, వీలైనప్పుడు మ్యాచ్‌లకి వచ్చి వెళ్తుంది. అక్టోబర్‌లో ఓ సాయంత్రం ఫోన్‌లో ఆమె కొత్త షిఫ్ట్ ఎలా ఉందని అడిగాడు. ఆమె ఓపిగ్గా అంతా చెప్పింది. పది నిమిషాలయ్యాక మళ్లీ అదే అడిగాడు. ఆమె, సరిగ్గా నిద్రపోతున్నావా అని మాత్రం అంది. లేదని ఒప్పుకున్నాడు. నిద్ర మీదకి నెట్టెయ్యడం తేలిగ్గా అనిపించింది.

నవంబర్‌లో అసలు క్వార్టర్‌బ్యాక్ మోకాలు పోయింది. వచ్చే ఆదివారం నువ్వే అని బుధవారం కోచ్ చెప్పాడు. భాస్కర్ ఆ గంటలోనే టికెట్ బుక్ చేసుకుని, ఇద్దరు స్నేహితుల్ని కూడా బయల్దేరదీశారు.

శనివారం పరుగుల్లేకుండా, నడుస్తూ చేసే ప్రాక్టీస్. అందరూ గుంపుగా తలలు దగ్గర పెట్టి నిలబడ్డారు. కౌస్తుభ్ ఎప్పట్లాగే గడగడా ఓ ప్లే పేరు చెప్పాడు. పదిమందీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అతని ముందు నిలబడి బంతి అందించే సెంటర్ పేరు టెరెల్. పద్నాలుగేళ్లుగా ఆడుతున్నవాడు, నెమ్మదైన మనిషి.

"అది ఈ ఊరిది కాదు" అన్నాడు టెరెల్.

మిగతావాళ్లు నవ్వారు. కౌస్తుభ్ కూడా నవ్వాడు. అది అతని నాలుగో టీం వాళ్ల ప్లే. ఆ ఊరు వదిలి ఆరేళ్లయింది. అది నోట్లోంచి వస్తున్నప్పుడు తప్పని అతనికి అనిపించనే లేదు, భయపెట్టింది అదే. టెరెల్ నవ్వలేదు. మైదానం దాటేదాకా అతన్నే చూస్తూ నడిచాడు.

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి ఆట. సరస్సు మీంచి గాలి కోస్తోంది. ఇరవయ్యో వరుసలో భాస్కర్ స్వెట్టర్ మీద కొడుకు జెర్సీ తొడుక్కుని నిలబడే ఉన్నారు. పక్కన నమ్రత.

మొదటి సగం బాగా నడిచింది. హెల్మెట్‌లో కోచ్ గొంతు వినిపించేది, మణికట్టు పట్టీ మీద నంబర్ చూసుకునేవాడు, ఆ ప్లే పేరు చెప్పేవాడు. చేతులకీ కాళ్లకీ ఏం చెయ్యాలో తెలుసు. బుర్రతో పని లేకుండానే బంతి వెళ్లాల్సిన చోటికి వెళ్లింది. విరామానికి నాలుగు పాయింట్లు ముందున్నారు.

మూడో క్వార్టర్‌లో దెబ్బ తగిలింది. పెద్దదేం కాదు, అలాంటివి వందలు తిన్నాడు. ఎడమ నుంచి ఒకడు వచ్చి పడ్డాడు, తల గడ్డి మీద ఒక్కసారి ఎగిరి పడింది. లేచి దులుపుకున్నాడు. హెల్మెట్‌లో కోచ్ ఏదో చెప్పి ఆపేశాడు. పదిమంది ఎదురుచూస్తున్నారు. వాళ్ల మొహాలు తెలుసు, పేర్లు తెలియడం లేదు. ఏం చెప్పాలో తెలియడం లేదు. వెనక వేలమంది ఎందుకు అరుస్తున్నారో కూడా ఒక క్షణం అర్థం కాలేదు.

టెరెల్ ముందుకి వంగి, తనలో తనే గొణుగుతున్నట్టు, తనకి తోచిన ఓ ప్లే పేరు చెప్పేశాడు. అందరూ వెళ్లి నిలబడ్డారు. బంతి పరుగెత్తేవాడి చేతిలో పెట్టడంతో ఆ ప్లే గడిచింది. టెరెల్ నేరుగా గీత దగ్గరికి వెళ్లి, ఇతన్ని చూడండని డాక్టర్‌కి చెప్పాడు.

గీత పక్కనే డాక్టర్ల చిన్న గుడారంలోకి తీసుకెళ్లారు. మాటలు చెప్పి, మళ్లీ చెప్పమన్నారు. కౌస్తుభ్ కళ్లు మూసుకుని, దొరికినవన్నీ ఏరుకుని చెప్పాడు. ఆరు. ఇంకొక్కటి తక్కువ వచ్చినా బావుండునని ఆ క్షణంలో అతనికి అనిపించింది. డాక్టర్ కాగితం చూసి, జులైలోనూ ఆరే, నువ్వు బానే ఉన్నావన్నాడు. అప్పుడు చెప్పొచ్చు. నోరు తెరిచాడు కూడా. గుడారం తెర పక్కకి తొలిగింది, కోచ్ చెయ్యి ఊపాడు, కౌస్తుభ్ హెల్మెట్ పెట్టుకున్నాడు.

ఆ తరవాత అతనికి గుర్తున్నది షవర్‌లో వీపు మీద పడుతున్న వేడినీళ్లు.

బయట అందరూ పాటలు పాడుతున్నారు కాబట్టి గెలిచారని తెలిసింది. బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకుని ఫోన్‌లో వీడియో చూశాడు. చివరి నిమిషంలో తన నంబరు వేసుకున్న మనిషి ఇద్దర్ని తప్పించుకుని, మూలకి బంతి విసిరాడు. అందంగా ఉంది. రెండుసార్లు చూసి, ఎవరెటు కదిలారో గుర్తుపెట్టుకోవడానికి ప్రయత్నించాడు. అడుగుతారు కదా.

అడిగారు. సాయంత్రం ఇండియన్ రెస్టరెంట్‌లో భాస్కర్ కళ్లు మెరుస్తుండగా, ఆ మూలలో మనిషి ఖాళీగా ఉంటాడని నీకెలా తెలిసిందిరా అన్నారు. కౌస్తుభ్ వీడియోలో చూసినదాన్ని చెప్పాడు. కొంచెం కల్పించాడు కూడా. స్నేహితులిద్దరూ తినడం ఆపి విన్నారు. నమ్రత మాత్రం ప్లేట్ వైపే చూస్తూ కూర్చుంది.

తిరిగి వెళ్లేటప్పుడు ఆమే డ్రైవ్ చేసింది. భాస్కర్ వాళ్లని హోటల్ దగ్గర దింపాక కారు పార్కింగ్‌లోనే ఆపి ఇంజిన్ కట్టేసింది.

"ఆ బంతి వేశాక మాకని నువ్వు చెయ్యెత్తావ్. మేం కూర్చున్నచోట కాదు, ఎదుటి వైపు ఎత్తావ్" అంది. "నీకు ఏం గుర్తుంది?"

"ఏం లేదు."

ఒకసారి ఆ మాట అన్నాక మిగతాది ఆగలేదు. ఆరు మాటల సంగతి, జులై సంగతి, పదకొండు రోజుల ప్లేబుక్, నాలుగో టీం ప్లే, అన్నీ చెప్పాడు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. రోజూ ఎంతోమంది చీటీలు చదివే మనిషి, అన్నీ విని, రేపు పొద్దున ఇదంతా డాక్టర్‌కి నువ్వు చెప్తావా, నేను చెప్పనా అని అడిగింది. వచ్చే ఆదివారం కూడా తనే ఆడాలని కోచ్ అన్నాడని చెప్పాడు. ఆమె అదే ప్రశ్న మళ్లీ అడిగింది.

పొద్దున అతనే చెప్పాడు. డాక్టర్ తలుపు వేసి, ఎన్నేళ్ల నుంచి అన్నాడు. ఆ సాయంత్రమే అతని పేరు గాయపడినవాళ్ల జాబితాలో చేరింది. టెరెల్ వచ్చి భుజమ్మీద చెయ్యేసి కాసేపు కూర్చుని వెళ్లాడు. పదో టీం నుంచి ఫోన్ రాలేదు. ఎందుకు వస్తుంది, ఇలాంటి మాట ఒక్క వారంలో అన్ని ఊళ్లకీ చేరిపోతుంది.

కాపెల్‌కి తిరిగొచ్చాక, డల్లాస్‌లో స్పెషలిస్టు స్కాన్‌లు తీయించింది. ఆట మానేసినందుకు మంచి పని చేశావంది. మానేస్తే ఇది ఆగుతుందా అని నమ్రత అడిగితే, ఆగచ్చు, ఆగకపోవచ్చు, ఆర్నెల్లకోసారి చూద్దాం అంది. జబ్బుకి పేరు మాత్రం పెట్టలేదు. దగ్గరి చోట్లకైతే, పక్కన ఎవరైనా ఉంటే, కారు నడపచ్చంది.

భాస్కర్‌కి నమ్రత అంతా చెప్పింది. ఆయన ఆ రోజు గదిలోంచి బయటికి రాలేదు. తరవాత ఎప్పుడూ ఆ ప్రస్తావన తేలేదు. జనవరిలో తన ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, నీతోపాటు నేనూ నడకకి వస్తానంటూ రోజూ ఉదయం పార్కుకి కొడుకు కార్లో ఎక్కడం మొదలుపెట్టారు.

ఏప్రిల్‌లో ఒక ఉదయం డెంటన్ టాప్ రోడ్డు సిగ్నల్ దగ్గర ఆగారు. కౌస్తుభ్ ఆ రోడ్డు మీదే సైకిల్ నేర్చుకున్నాడు, స్కూల్ బస్ ఎక్కాడు. ఆకుపచ్చ లైటు వెలిగింది. ఎటు తిరగాలో తెలియలేదు. ఎడమా కుడీ రెండూ ఎప్పుడూ చూడని రోడ్లలా ఉన్నాయి. వెనక ఎవరో ఓపిక పట్టి, పట్టి, హారన్ కొట్టారు.

"ఎడమకి" అన్నారు భాస్కర్, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

తిప్పాడు. ఆయన చెప్పిన తీరు కౌస్తుభ్‌కి వింతగా తోచింది. అందులో కంగారు లేదు. పేపర్ అందుకో అన్నంత మామూలుగా అన్నారు.

"నాన్నా, ఇదివరకు కూడా చెప్పావా నాకు?"

భాస్కర్ ఫోన్ ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూశారు.

"ఫిబ్రవరి నుంచి" అన్నారు. "రోజూ."

కౌస్తుభ్ స్టీరింగ్ గట్టిగా పట్టుకుని నడిపాడు. రోడ్డు ముందు మళ్లీ రెండుగా చీలింది. అతను వేగం తగ్గించి, తండ్రి ఏం చెప్తారోనని ఎదురుచూశాడు.