పొట్టి ఇత్తడి కాళ్లు

"ముందటి అర్రల ఇయ్యాల ఊడ్వకు. దుమ్ము లేస్తే మిషిన్ ఖరాబైతది," అని పొద్దున్నే చెప్పేశాడు వైకుంఠం.

కళావతి చీపురు మూలకు పెట్టి, చేటలో బియ్యం పోసుకుని వంటింటి గడపలో కూర్చుంది. దుమ్ము సంగతి తనకు చెబుతున్నాడు! తను పనిచేసే హాల్లోకి చెప్పులు బయట విడిచి, జుట్టుకు గుడ్డ కట్టుకుని వెళ్లాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేసింది. పెళ్లయిన పద్నాలుగేళ్లలో నోటిదాకా వచ్చి లోపలికి పోయిన మాటలు ఎన్నని లెక్క?

ఎనభై ఎనిమిదో సంవత్సరం, బోనాలు వెళ్లిన మరుసటి ఆదివారం. ఛత్రినాకలో వాళ్లది మూడు గదుల ఇల్లు. వీధి వైపు గదిలో వైకుంఠం టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుతాడు. ఆ సాయంత్రం అయిదింటికి అది కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ కావాలి. రిబ్బను కట్టారు. రిటైర్డ్ హెడ్మాస్టరు పరబ్రహ్మం గారిని పిలిచారు. పిల్లలిద్దర్నీ అడ్డం రాకుండా గుడిమల్కాపూర్‌లో మేనత్త ఇంటికి పంపేశారు. ఇన్ని చేశారు కానీ అసలు కంప్యూటరు మాత్రం ఇంకా పొట్ట తెరుచుకుని బల్లమీద పడి ఉంది. ఏదో ఆఫీసులో వాడి తీసేసిన మిషను అది. కొన్న వారానికే లోపలి పెద్ద బోర్డు, మదర్‌బోర్డు, చచ్చిపోయింది. కొత్తది బొంబాయి నుంచి నిన్ననే వచ్చింది. దాన్ని బిగించడానికి వైకుంఠం స్నేహితుడు కృష్ణప్రసాద్ వచ్చాడు. గుంటూరు మనిషి, ఆఫీసులో గుమాస్తా, ఆరు నెలల కంప్యూటర్ కోర్సు చేసినవాడు. బల్ల దగ్గర మగవాళ్లిద్దరూ తలలు దగ్గరపెట్టి నిల్చున్నారు.

కళావతి వేళ్లు బియ్యంలో రాళ్లు ఏరుతున్నాయి, చెవులు మాత్రం ముందుగదిలోనే ఉన్నాయి. పదకొండేళ్లుగా ఆమె పొద్దున ఆరున్నరకు బస్సెక్కి, నగరం ఆ చివర ఉన్న సర్కారీ ఎలక్ట్రానిక్స్ కంపెనీకి వెళుతోంది. మొదటి ఆరేళ్లు సోల్డరింగు చేసింది. తరవాత తనిఖీ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. భూతద్దం కింద రోజూ పాతిక ముప్పై బోర్డులు తిప్పి చూసి, ఎక్కడ సీసం చుక్క పక్కదాన్ని తాకింది, ఎక్కడ కాలు విరిగింది అని పట్టుకోవడం ఆమె పని. తనిఖీకి మార్చిన రోజు సంబరంగా ఇంటికొచ్చి చెబితే వైకుంఠం పేపర్లోంచి తల ఎత్తకుండా, "మంచిదే, కూసోని చేసే పని," అన్నాడు. అత్త మాణిక్యమ్మ ఇరుగుపొరుగుకు చెప్పేది ఇంకా చిన్నమాట: "మా కోడలు కంపెనీల తీగెలు అతికిస్తది." ఈ మిషను ఇంటికొచ్చాక కూడా, దీని లోపల ఉన్నదీ తన భార్య రోజంతా చేతుల్లో తిప్పేదీ ఒకటేనని వైకుంఠానికి తట్టలేదు. తట్టినా, అడిగితే చిన్నతనమని ఊరుకున్నాడేమో. ఆమెకు ఈ రెండోదే నిజమనిపించి మనసు ఇంకా కుదురు తప్పింది.

చాయ్ తీసుకుని వెళ్లినప్పుడు చూసింది. బోర్డు ఇనప పళ్లెం మీద నేరుగా కూర్చుని ఉంది. నాలుగు మూలలా స్క్రూలు బిగించేస్తున్నారు. బోర్డు అడుగున వందల సీసపు ముళ్లుంటాయి. అవి ఇనుముకు తగిలితే కరెంటు అడ్డదారిన పోతుంది. అందుకే కింద పొట్టి కాళ్లు పెట్టి బోర్డును లేపాలి. స్క్రూ కింద కాగితం బిళ్ల వేయాలి. ఆ కాళ్లు ఎక్కడా కనిపించలేదు.

"కింద ఏం పెట్టలేదు గదా. బోర్డు ఇనుముకు తాకుతది," అంది.

"చాయ్ గాడ పెట్టు," అన్నాడు వైకుంఠం.

కృష్ణప్రసాద్ నవ్వాడు. "ఇది గ్రైండరు కాదు చెల్లెమ్మా, కంప్యూటరు. మీరు ఖంగారు పడకండి."

ఆమె కప్పులు పెట్టి వచ్చేసింది. మళ్లీ చేట ముందు కూర్చుంది. లేచింది. పొయ్యిమీద పప్పు కలిపింది. కలిపిన పప్పే మళ్లీ కలిపింది. ఆ సీసపు ముళ్లు తన వీపుకే గుచ్చుకుంటున్నట్టు ఒళ్లంతా చిమచిమలాడుతోంది. వెళ్లి గట్టిగా చెప్పాలా? చెబితే ఏమంటాడో తెలుసు. "అందరి ముంగట నాకు చదువు చెప్తవా" అంటాడు. చెప్పకపోతే బోర్డు పోతుంది. పోతే పోనీ, తనకేం? కానీ పోనివ్వలేకపోతోంది. అది మొగుడి మీద ప్రేమా, బోర్డు మీద ప్రేమా అని తనని తాను ప్రశ్నించుకుంది. బోర్డు మీదే అని జవాబొచ్చింది. సిగ్గనిపించింది కానీ, అబద్ధమనిపించలేదు.

స్విచ్ వేసిన చప్పుడు వినిపించింది. లోపలి ఫ్యాను ఒక్కసారి కదిలి ఆగిపోయింది. మళ్లీ వేశారు. మళ్లీ అంతే. ఆ వెనకే వైకుంఠం గొంతు.

"ఏమే! నువ్వు గిన ముట్టినవా దీన్ని? తడిచేతులతోని వచ్చినవ్ గదా!"

"నేనెక్కడ ముట్టిన? కప్పులు పెట్టి వచ్చిన."

మాణిక్యమ్మ అరుగు మీంచి లేచి వచ్చింది. పరాయి మగవాడు నిల్చుని ఉండగానే అడిగింది: "నువ్వు గిట్ల ముట్టున్నవా ఏందే? గా అర్రలకెందుకు పోతివి, మంచి పని అయ్యే దినం?"

కృష్ణప్రసాద్ గోడ మీది క్యాలెండరు వైపు తిరిగాడు. కళావతి ముఖం భగ్గుమంది. ముప్పై నాలుగేళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, ఆ మాటకు అవుననీ కాదనీ చెప్పలేక చేటలో బియ్యం వైపు చూస్తూ నిలబడింది. వైకుంఠమైనా "అమ్మా, ఊకో" అంటాడేమోనని ఒక్క క్షణం ఎదురుచూసింది. అతను చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"కోఠీ దాక పోయొస్తం. ఎవరన్న మెకానిక్ దొర్కుతడేమో. అర్రకు గొళ్లెం పెట్టు. ఎవరు ముట్టొద్దు."

స్కూటరు చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా ఆగింది. తరవాత పొయ్యి ఆర్పి, చేతులు తుడుచుకుని, తుడిచిన చేతుల్నే మళ్లీ తుడుచుకుని, ముందుగదిలోకి వెళ్లింది. ముందు బోర్డు వచ్చిన అట్టపెట్టె బోర్లించింది. థర్మోకోల్ ముక్కల మధ్య నుంచి చిన్న ప్లాస్టిక్ కవరు జారిపడింది. పొట్టి ఇత్తడి కాళ్లు, తెల్ల ప్లాస్టిక్ గుండీలు, ఎర్ర కాగితం బిళ్లలు. కవరు విప్పనే లేదు. దాని పక్కనే ఇంగ్లీషులో పలచటి పుస్తకం, అదీ మడత నలగకుండా ఉంది.

పుస్తెల తాడు జాకెట్లోకి దోపి పిన్ను పెట్టుకుంది. కంపెనీలో ఆడవాళ్లంతా అలాగే చేస్తారు, వంగినప్పుడు బోర్డుకు తగలకుండా. చేతి గడియారం తీసింది. ఒంట్లో ఏ కాస్త కరెంటున్నా పోవాలని ఇనప పెట్టెను ఒకసారి తాకింది. మిషను ప్లగ్గు గోడనుంచి పీకి, స్క్రూలు విప్పి, బోర్డును అంచులు పట్టుకుని ఎత్తి, కిటికీ వెలుగులో తిప్పి చూసింది. కాలిన మచ్చ లేదు. కరెంటిచ్చే రెండు ప్లగ్గులు ఒకేలా ఉంటాయి. తారుమారైతే బోర్డు బూడిదే. ఇందాక విప్పేటప్పుడే గమనించింది, నల్ల తీగలు నాలుగూ మధ్యలో పక్కపక్కనే ఉన్నాయి. ఆ ఒక్కటి సరిగ్గా పెట్టారు. "అమ్మయ్య," అంది పైకే.

"ఏం చేస్తున్నవే?"

గుమ్మంలో అత్త. కళావతి చేతులు ఆగాయి, కానీ బోర్డును కింద పెట్టలేదు.

"నేను ముట్టు లేను అత్తమ్మా," అంది. "ఉన్నా దీనికేం కాదు. కంపెనీల మేం నూటిరవై మంది ఆడోళ్లం. గా దినాలల్ల ఎవ్వరికి సెలవియ్యరు. మా చేతుల మీదికెళ్లి పోయిన బోర్డులు రాత్రింబగళ్లు నడుస్తున్నయ్."

మాణిక్యమ్మ లోపలికొచ్చి స్టూలు మీద కూర్చుంది. కోడలు ఇత్తడి కాళ్లను ఒక్కొక్కటే పళ్లెం కన్నాల్లో తిప్పి బిగించడం, గుండీలు తొడగడం, వాటిమీద బోర్డును ఆనించి, కాగితం బిళ్ల వేసి, స్క్రూను బిగువుగా కాకుండా సరిపడా తిప్పడం కళ్లార్పకుండా చూసింది. కళావతి పుస్తకం తెరిచి, బోర్డు మూల ఉన్న బుల్లి స్విచ్చుల వరస చూసింది. ఎనిమిది స్విచ్చులు. రంగుల తెరకు ఒక తీరు, నలుపు తెరకు ఒక తీరు. వాళ్లది పచ్చ అక్షరాల నలుపు తెర. వీళ్లు రంగులకు పెట్టారు. పెన్సిల్ మొనతో రెండింటిని మార్చింది.

"గిదంత నీకు ఎట్లొస్తదే?"

"పదకొండేండ్ల సంది చేసేది గిదే గదా అత్తమ్మా."

ముసలామె కాసేపు తన అరచేతుల వైపు చూసుకుంది. "మీ మామ మగ్గం మీద చీరె నేస్తే ఊరంత మెచ్చుకుంటుండె. గా చీరెకు ఆసు పోసింది నేను. చీరెకు తొమ్మిది వేల సార్లు చెయ్యి అటు ఇటు తిప్పాలె. ఇప్పటికీ భుజం లేవది. ఎవ్వడు అడగలే," అంది. అదేదో పక్కింటి కబురు చెప్పినట్టు చెప్పింది.

కళావతి ప్లగ్గు పెట్టి స్విచ్ వేసింది. ఫ్యాను తిరిగింది, ఆగలేదు. తెరమీద మెమరీ లెక్క చూపే పచ్చటి అంకెలు గబగబా ఎక్కుతూ, పుస్తకంలో రాసినట్టే ఆరువందల నలభై దగ్గర నిలిచాయి. ఆ వెంటనే ఒక్క చిన్న కూత వినిపించింది. ఆమెకు తెలియకుండానే నవ్వొచ్చింది. కంపెనీలో తను చూసిన బోర్డు ఏదీ బతకడం ఆమె చూడలేదు. తనిఖీ ముద్ర వేయగానే అవి ఇంకో హాలుకు పోతాయి.

"చెప్పకు బిడ్డా," అంది మాణిక్యమ్మ మెల్లగా. "వాడు చిన్నబోతడు. మొగోడు."

మెకానిక్ దొరకక మగవాళ్లిద్దరూ వట్టి చేతులతో తిరిగొచ్చారు. తెర వెలుగుతోంది. కళావతి నోరు తెరిచేలోపే కృష్ణప్రసాద్ చప్పట్లు కొట్టాడు. "నే చెప్పలా! పవర్ సప్లయ్ వేడెక్కుంటుంది. చల్లారింది, వచ్చేసింది!" వైకుంఠం మాత్రం బల్లమీది ఖాళీ కవరు చూశాడు. విప్పి ఉన్న పుస్తకం చూశాడు. తరవాత భార్య వైపు చూశాడు. పుస్తెల తాడు ఇంకా జాకెట్లోనే ఉంది. అతనికి తెలిసిపోయిందని ఆమెకూ తెలిసింది. అతను కవరు నలిపి జేబులో పెట్టుకున్నాడు.

అయిదింటికి పరబ్రహ్మం గారు రిబ్బను కత్తిరించారు. గది నిండిపోయి, జనం అరుగు మీద కూడా నిలబడ్డారు. "ఇది మీరే బిగించారట గదా?" అన్నారాయన. "అవును సార్. నేను, మా కృష్ణప్రసాద్, ఇద్దరం కలిసి స్వయంగ బిగించినం," అన్నాడు వైకుంఠం. చప్పట్లు మోగాయి. కళావతి మిక్చరు ప్లేట్ల పళ్లెంతో జనం మధ్యలో నిలబడి ఉంది. రెండు చేతులకూ బరువుంది కాబట్టి చప్పట్లు కొట్టాల్సిన అవసరం తప్పింది. భర్త చూపు ఆమె మీదుగా వెళ్లి, ఆగకుండా, పరబ్రహ్మం గారి మీద వాలింది. అబద్ధం చెప్పడం కాదు ఆమెను కోసింది. అంత తేలిగ్గా, గొంతు తడబడకుండా చెప్పగలగడం.

అందరూ వెళ్లిపోయాక, ఆమె గిన్నెలు తోముతుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు. గొంతులో చాలా కాలానికి మెత్తదనం.

"మస్తు పని చేసినవ్ కళా. ఒక మాట చెప్త ఇను. రెండు బస్సులు మారి గా కంపెనీకి ఎందుకు పోవుడు? నౌకరి ఇడిసిపెట్టు. ఇంట్లనే ఉండి మిషిన్ చూస్కో. పిల్లలకు మంచిగుంటది, అమ్మకు మంచిగుంటది. నువ్వు గూడ సుఖపడ్తవ్."

ఆమె గిన్నె బోర్లించింది. ఇన్నాళ్లూ తన పని ఇతనికి కనబడలేదని బాధపడింది. ఇప్పుడు కనబడింది, కనబడగానే ఇంట్లోకి లాక్కుని తలుపు మూయాలనుకుంటున్నాడు. ఇంకో గిన్నె అందుకుంది. ఆ రాత్రి పడుకున్నా కాళ్లు ఆడుతూనే ఉన్నాయి.

సోమవారం పొద్దున ఆరింటికే మొదటి బ్యాచి వచ్చింది. ఆరుగురు, అందులో ఇద్దరు ఆడపిల్లలు. కళావతి వంటింట్లో టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ వింటోంది. ఫ్యాను శబ్దం వచ్చింది. కూత రాలేదు. పిల్లల గుసగుసలు. స్విచ్ ఆపారు, వేశారు. మళ్లీ ఆపారు, వేశారు. వైకుంఠం గబగబా లోపలికొచ్చాడు.

"కళా, అంకెలు సగంల ఆగిపోతున్నయే. ఒక్కసారి చూడు."

ఆమె టిఫిన్ డబ్బా పెట్టి కదలబోయింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు, ఇప్పుడే కాదు. వాళ్లందరు కూసున్నరు. చాయ్ అని చెప్పి బయటికి తోల్కపోత. అంతల నువ్వు వెనుకకెళ్లి వచ్చి జల్ది చూసి పో. ఎవ్వరికి కండ్లబడకు."

కళావతి అతని ముఖంలోకి చూసింది. అతను సిగ్గుపడటం లేదు. తొందరపడుతున్నాడు, అంతే. అంత తొందరలోనూ అతనికి తన మాటలో తప్పు కనబడలేదని అర్థమైంది. నిన్నటి నుంచి, నిన్నటినుంచేనా, ఎప్పటినుంచో ఒంట్లో తిరుగుతున్న ఆ చిమచిమ చప్పున ఆగింది.

"నిన్న అందరి ముంగట ఎవరు బిగించిన్రని చెప్పినవో, ఆళ్లనే పిలువు," అంది.

టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుంది. రోజూ పక్క సందులోంచి వెళ్లేది, ఇవాళ ముందుగదిలోంచే నడిచింది. గుమ్మంలో కాళ్లు చాపుకుని కూర్చున్న మాణిక్యమ్మ కోడల్ని చూసి కాళ్లు దగ్గరికి ముడుచుకుంది. తెరమీద అంకెలు రెండువందల యాభై ఆరు దగ్గర ఆగి ఉండటం కళావతి నడుస్తూనే చూసింది. వెంటనే తెలిసిపోయింది. నిన్నంతా వేడెక్కి రాత్రి చల్లబడటంతో మెమరీ చిప్పు ఒకటి గూట్లోంచి వెంట్రుకవాసి పైకి లేచింది. బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే చాలు. గట్టిగా అరక్షణం పని.

బస్సులో కూర్చోడానికి చోటు దొరకలేదు. కడ్డీ పట్టుకుని నిలబడింది. బస్సు ముందుకు పోతోంది, బొటనవేలు మాత్రం వెనక్కి లాగుతోంది. అతనిమీద కోపం ఉన్నా, ఆ ఆరుగురు పిల్లల మీద కోపం లేదు. సాయంత్రం ఇంటికి వెళ్లాక అడిగితే చెబుతుంది. చెప్పడం కాదు, చేసి చూపిస్తుంది. అయితే వెనక తలుపులోంచి రాదు. బ్యాచి పిల్లలంతా కూర్చుని ఉండాలి, వాళ్ల ముందు అతను ఆమెను పేరుపెట్టి పిలిచి అడగాలి. ఆ మాట అతని నోట రావడానికి ఎన్ని రోజులు పడుతుందో అన్ని రోజులూ ఆ మిషను ఆగే ఉంటుంది.