గుండీలు ఏ వైపున్నాయో

చచ్చిపోలేదమ్మా ఆవిడ. ఎవరు చెప్పారు నీకు? ఎప్పుడూ కోటు తొడుక్కుని ఉండే ఆ కోటావిడ సీరియల్లోంచి ఎందుకు మాయమైందని మీరంతా బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నారు గానీ, ఆవిడ మా కొట్టుకొచ్చింది. జేబు చిరిగితే కుట్టించుకుందామని వచ్చింది. అంతే.

మాది బట్టలు కుట్టే కొట్టు కదా. మా ఆయన పోయి అప్పటికి ఎనిమిది నెలలు. టీ తాగాక ఆయన గ్లాసు కూడా కడిగి పెడుతుంటాను ఇప్పటికీ, చెయ్యి ఊరుకోదు. కొట్టులో ఇక నేనూ, మా చిన్నదీ. చిన్నదంటే మా ఆడపడుచు. యాభై రెండేళ్ళొచ్చినా వాళ్ళన్న దాన్ని చిన్నదీ అనే పిలిచేవాడు, అదే నిలిచిపోయింది. ఆయన కత్తిరించేవాడు, నేను మిషను తొక్కేదాన్ని, అది కాజాలు వేసి గుండీలు కుట్టేది. ఆయన పోయాక కత్తెర కూడా దాని చేతికే వచ్చింది.

టీవీ మా నెత్తి మీద గోడకుండేది. గుమ్మం పక్క బల్ల మీద కూర్చునే బేరాలవాళ్ళ కోసం పెట్టించాడు మా ఆయన. మాకు కనపడేది కాదు. అయితేనేం, ఎదురుగా నిలువెత్తు అద్దం ఉందిగా, బట్టలు వేసుకుని చూసుకునేది. అందులో చూసేవాళ్ళం. చెయ్యి పని చెయ్యిదే, తలెత్తితే చాలు సీరియలు.

కథ నీకు తెలిసిందే. పెద్ద ఇల్లు, ముందు గేటు. గేటు తీసే ఉంటుంది. కోటావిడ రోజూ గేటు దాకా వస్తుంది, ఆగుతుంది, వెనక్కి పోతుంది. ఎందుకు దాటదు? ఎవరిని కదిపినా అదే ప్రశ్న. టీచరమ్మ కొలతలకని చేతులు చాపి నిలబడి, "ఆవిడ ఎప్పుడో చచ్చిపోయింది, దయ్యం గేటెలా దాటుతుంది?" అనేది. పోస్టతను "కాదు, కవల చెల్లెలు, రాసిస్తా" అని వాదించి వాదించి, కుట్టిన ప్యాంటు మర్చిపోయి వెళ్ళిపోయేవాడు.

మా చిన్నది సూది దించకుండానే తేల్చేసింది. "గుండీలు చూడు వదినా, కుడివైపున్నాయి. అది మగాడి కోటు. వాళ్ళింట్లో ఎవరో పోయారు. ఆయన వచ్చి నా కోటేదీ అని అడిగేదాకా ఆవిడ కదలదు."

"పోయినవాడు కోటు కోసం వస్తాడటే?"

"రాడు. అలాగని వదిలేసి ఎలా పోతుంది?"

ఎవరి సంగతి చెప్తోందో నాకు తెలుసు. ఎదురు కొట్టులో గడియారాలు బాగుచేసే ఆయన దీన్ని పెళ్ళి చేసుకుంటానన్నాడు. అడగడానికి ఏడేళ్ళు పట్టింది మహానుభావుడికి. అన్నాళ్ళూ వారానికో గుండీ తనే పీక్కుని, ఊడిపోయిందండీ అంటూ వచ్చేవాడు. ఆదివారం పొద్దున మొదటి బస్సుకి వేరే ఊరికి మకాం మార్చేస్తున్నాడు. నాతో రా అన్నాడు. ఇదేమో అన్నయ్య కొట్టు వదిలి రానంటుంది.

"పోవే తల్లీ" అన్నాను.

"నన్ను గెంటేద్దామనా?"

"గెంటేద్దామనే. నీ గురక పడలేక."

నవ్వింది. రానని మాత్రం కబురు పంపేసింది.

శనివారం సాయంత్రం. సీరియలు మధ్యలో ప్రకటనలు పడ్డాయి. కోటావిడ గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకుని లోపలికొచ్చింది. బల్ల మీద కూర్చున్న టీచరమ్మా పోస్టతనూ జరిగి చోటిచ్చారు.

"జేబు చిరిగిందండీ. ప్రకటనలు అయ్యేలోపు కుట్టేస్తారా? మళ్ళీ గేటు దగ్గర సీనుంది నాకు."

"అందరికీ అర్జెంటే" అంది చిన్నది. "విప్పివ్వండి."

టీచరమ్మ ఆగలేకపోయింది. "ఏమనుకోకండి. మీరు చచ్చిపోయారా?"

"ఏమోనండీ. నాకింకా ఎవరూ చెప్పలేదు."

చిన్నది కోటు కత్తిరించే బల్ల మీద పరిచింది. గుండీలు ఎడమవైపున్నాయి. అద్దంలోకి చూసింది, కోటు చూసింది, మళ్ళీ అద్దంలోకి. అద్దంలో చూసి వైపులు చెప్పొద్దని వాళ్ళన్న నెత్తిన మొట్టి నేర్పాడు దానికి. అయినా ఇన్ని నెలలూ సీరియలంతా తిరగేసి చూశాం. పేర్లు పడేటప్పుడు చదువుకున్నవాళ్ళయితే పట్టేసేవాళ్ళు. మాకిద్దరికీ అక్షరం ముక్క రాదు, ఎటు తిప్పినా మాకొకటే.

"ఇది ఆడవాళ్ళ కోటు" అంది చిన్నది.

"నాదేనండీ. నా కొలతలకే కుట్టించారు."

"మరి ఎవరి కోసం ఆగిపోయారు?"

"నాకేం తెలుసు? ఎవరి కోసమో ఆగిందని మీరంతా అనుకోవడం టీవీ లోపలికి వినపడుతుంది. ఇంతమంది అంటున్నారు కదా, నిజమేనేమోనని ఆగిపోయాను."

చిన్నది సూదికి దారం ఎక్కించింది. జేబు కుట్టింది. కుట్టు ఎక్కడుందో వేలికి తగలనంత సన్నగా కుట్టింది. తనే కోటు తొడిగి, కింది నుంచి ఒక్కొక్క గుండీ పెట్టింది.

"గేటు తీసే ఉంది కదండీ" అంది.

"తీసే ఉంది" అంది ఆవిడ.

టీవీ వైపు చూడనైనా చూడలేదు. వీధిలోకి దిగి, కూరగాయల సంచులు మోసుకెళ్ళే జనంలో కలిసి నడిచిపోయింది. ప్రకటనలు అయిపోయాయి. టీవీలో వట్టి గేటే చూపిస్తున్నారు, చూపిస్తూనే ఉన్నారు, ఎవరూ రాలేదు. పోస్టతను తొడ మీద చరుచుకుని, "చెప్పలా, కవల చెల్లెలని!" అన్నాడు.

కొట్టు కట్టేస్తుంటే చిన్నది అడిగింది. "వదినా, నువ్వొక్కదానివీ కత్తిరించగలవా?"

"చెయ్యి వణుకుతుంది. వంకర పోతే కొత్త ఫ్యాషనంటాలే."

నవ్వబోయి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, అబద్ధమెందుకు. తర్వాత ఇద్దరం తిని పడుకున్నాం. నాకు బాగానే నిద్ర పట్టింది.

తెల్లారి లేచి చూస్తే ఎదురు కొట్టాయనా లేడు, మా చిన్నదీ లేదు.