ఆ వీపు ఎవరిది?

మా రెండు జిల్లాల్లోనూ హీరోయిన్‌గా వేసి, జనం చేత కంటతడి పెట్టించిన మగవాడు ఎవరయ్యా అంటే నేనే. పేరు సత్తియ్య. ఊరు యానానికి ఎగువన, గౌతమి ఒడ్డునున్న చేపలవాళ్ళ పాలెం. మా రేవులో తీసిన ఆ పాత సినిమా మీరు చూసే ఉంటారు. చివర్లో హీరోయిన్ ఎదురుగాలిలో పడవ మీద ఒక్కతే నిలబడి, తెడ్డు వేసుకుంటూ గోదావరి దాటిపోతుంది. మొహం కనబడదు, వీపు ఒక్కటే. ఆ వీపు నాది. టీవీలో ఆ సినిమా వచ్చినప్పుడల్లా పాలెమంతా మా వాకిట్లో చేరి, "సత్తియ్యన్నా, నీ నడుమొచ్చింది రా!" అని కేకేసేవారు. నేను కాస్త సిగ్గుపడి, మీసం దువ్వుకుంటూ వచ్చి కూచునేవాణ్ణి.

సరే, అయిదో తరగతితో ఆపినవాణ్ణి, అబద్ధాన్ని కాగితం మీద ఎక్కువసేపు నిలబెట్టలేను. ఆ వీపు మా ఆవిడ లోవలక్ష్మిది.

జరిగిందేంటంటే, సినిమావాళ్ళు ముందు నాకే చీర కట్టారు. పాలెం జనం పడీపడీ నవ్వారు. కెమెరాలోంచి చూసినాయన మాత్రం నవ్వలేదు. "ఈయన భుజాలు కావిడిబద్దలా ఉన్నాయి, పనికిరాడండి" అన్నాడు. జనమంతా భోజనాలకు ఇళ్ళకు పోయారు. అప్పుడే మబ్బుపట్టి గాలి లేచింది. సినిమా వంటవాళ్ళకి చేపల గంప దింపడానికి వచ్చిన మా ఆవిడ ఆయన కంటపడింది. అప్పటికి కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల. పుట్టింట్లో మగపిల్లలు లేక తండ్రితో సమంగా తెడ్డు వేసి పెరిగింది. "పడవ నడుపుతావా అమ్మా?" అని అడిగితే తలూపింది. జనం చేతులు కడుక్కుని వచ్చేసరికి మా పడవలోనే గోదావరి దాటేసి, తిరిగొచ్చి, చీర మార్చేసుకుని, ఖాళీ గంపతో ఇంటిదారి పట్టింది.

ఇక్కడ మా కట్టుబాటు చెప్పాలి. మా పాలెంలో ఆడవాళ్ళు గంపలు మోయొచ్చు, వలలు అల్లొచ్చు, పడవలో కూచోవచ్చు. వెనక కొసన నిలబడి తెడ్డు మాత్రం పట్టకూడదు. పడితే ఆ పడవకి చేప పడదట. కులపెద్ద చిట్టియ్య మావయ్య చెవిన పడితే మా పడవని రేవులోకి రానివ్వడు. మా అమ్మ బంగారమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "చీర కట్టిందీ మావోడే, నడిపిందీ మావోడే" అని రేవంతా చాటేసింది. చీరలో నన్ను అందరూ చూసినవాళ్ళేనాయె, నమ్మేశారు. మగవాడు చీర కడితే ఊరికి నవ్వులాట. ఆడది తెడ్డు పడితే ఊరికి అరిష్టం.

రెండువేల రెండు ఎండాకాలంలో, ఆ సినిమా తీసిన ఊళ్ళు చూపిస్తామని టీవీవాళ్ళు దిగారు. రాజమండ్రి నుంచి ప్రణతి అనే చలాకీ పిల్ల, వెనక కెమెరా. పాలెంలో పండగే. నేను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వాకిట్లో కోతలు కోస్తున్నాను. మా ఆవిడ లోపల అందరికీ వంట చేస్తోంది. అప్పుడు ఆవిడ మనసులో ఏముందో నాకెలా తెలుసంటారా? ఆ తర్వాత నెలల తరబడి వల చిక్కులు తీస్తూ చెప్పింది, వినక ఎక్కడికి పోతాను?

పొయ్యి ముందు కూచుని రొయ్యలు ఒలుస్తుంటే, వాకిట్లోంచి మొగుడి గొంతు ఆవిడకి వినబడుతోంది. "గాలి ఇలా కొట్టిందమ్మా, నేను ఎడంకాలు ఇలా తన్నిపెట్టి..." తన్నిపెట్టింది కుడికాలు. ఆ కాలు తనది. టీవీలో ఆ సీనొచ్చినప్పుడల్లా తను గరిటెతో వంటింటి గుమ్మం దాకా వచ్చేది. తెడ్డు నీళ్ళలో దిగే ప్రతిసారీ తన భుజం ఇక్కడ కదిలేది, ఇప్పుడు సుడి వస్తుంది, ఇప్పుడు బరువంతా వెనక్కి వెయ్యాలి అని. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు "వదినా, మంచినీళ్ళు" అనేవారు. తెచ్చేసరికి వీపు వెళ్ళిపోయేది. ఆడపడుచు ఒకసారి "మా అన్న నడుం చూడవే, నీకంటే నయం" అంటే, తనూ నవ్వింది. అత్తగారు మంచాన పడి తన చేతిమీదుగానే వెళ్ళిపోయింది, పోయేముందు కూడా "ఎవరికీ చెప్పకే" అనే అంది. అదంతా ఎలాగో మింగింది. మింగుడు పడనిది కూతురు అశ్విని మాట. "నాన్నకైతే సినిమా ఉంది. నీకేం వచ్చమ్మా?" అని అడిగింది, ఎకసెక్కానికి కాదు, నిజంగానే తెలుసుకుందామని. "చారు" అంది తను. ఇవాళ వాకిట్లో చెప్పింది కెమెరాలోకి ఎక్కిందంటే ఇక అంతే. రేపు మనవరాలు కూడా ఆ వీపుని తాతయ్య వీపనే చూస్తుంది. తను బతికుండగానే తన వీపు తనది కాకుండా పోతుంది.

అంతలో వాకిట్లో ప్రణతి, "తాతగారూ, అలాంటి చీరే తెచ్చామండి. ఒకసారి కట్టుకుని, అలాగే నడిపి చూపిస్తారా?" అంది. జనం ఈలలేశారు. చిట్టియ్య మావయ్య కుర్చీ ముందుకి జరిపించుకున్నాడు. నేను చొక్కా మీదే చీర చుట్టుకోబోతే, నా బొజ్జ మీద అది నిలవడం లేదు.

మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. సర్దుతుంది కాబోలని నేను పొట్ట బిగబట్టాను. ఆవిడ చీర కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. నేను బొంగరంలా తిరిగాను. చీర మడతపెట్టి ప్రణతి చేతికిచ్చి, "ఇది అక్కర్లేదమ్మా. నేను కట్టుకున్నది చాలు" అని, కొంగు బిగించి రేవులోకి దిగింది. పడవ వెనక కొసన నిలబడి తెడ్డు అందుకుంది.

"లోవలక్ష్మీ! దిగు! ఆ పడవకి ఇంక చేప పడదు!" చిట్టియ్య మావయ్య లేచి నిలబడ్డాడు.

"ముప్పై ఏళ్ళ కిందటే పట్టాను మావయ్యా. ఆ ఏడాది ఇదే పడవలో పడ్డ పండుగప్పని మీరు చీకి చీకి తిన్నారు కదా."

"ఏరా సత్తియ్యా, ఏంటిది? నడిపింది నువ్వు కాదా?"

కెమెరా నావైపు తిరిగింది. పాలెమంతా నావైపు తిరిగింది. "నాకంత నడుం ఎక్కడిది మావా?" అన్నాను.

అప్పటికే పడవ ఒడ్డు వదిలేసింది. గాలి ఎదురుకొడుతోంది. జుట్టు నెరిసింది, ఒళ్ళు కాస్త వచ్చింది, కానీ కుడికాలు తన్నిపెట్టి ఆవిడ వెనక్కి వాలగానే ప్రణతి ఒడ్డెమ్మట పరుగెత్తుతూ అరిచింది, "అదే! అదే వీపండీ!" అశ్విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. ఒడ్డునున్న వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఆఖరికి చిట్టియ్య మావయ్య కూడా కొట్టాడు.

తిరిగొచ్చాక ప్రణతి మైకు పెట్టింది. "మీ పేరు చెప్పండమ్మా."

"లోవలక్ష్మి. సినిమాలో ఆ వీపు నాది."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదండీ?"

"అడిగినవాళ్ళంతా మంచినీళ్ళే అడిగారమ్మా."

ఇందులో ఒక్కటి నేను కల్పించింది ఉంది, చెప్పేస్తాను. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. చిట్టియ్య మావయ్య కుర్చీ మోయించుకుని ఇంటికి పోయాడు, మిగతావాళ్ళు నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు, అంతే. రాసింది ఆవిడకి చదివి వినిపించి, "ఒడ్డు మీద ఒక్కడైనా చప్పట్లు కొట్టకపోతే బాగుండదని కలిపానే" అన్నాను.

ఆవిడ వలలోంచి తలెత్తి, "ఒడ్డు మీద ఎవరన్నా ఉన్నారా?" అంది.